స్టీరింగు మీద దమ్ పిండి

నేను చెప్పే సంగతుల్లో సగం కొట్టేసి మిగతా సగం నమ్మమని మా ఆవిడ, మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ మంచినీళ్లతో పాటే చెప్తుంది. సగం కొట్టేసినా, మార్కాపురంలో నేను ముప్ఫై మూడేళ్లు బండ్లు బాగుచేసిన మాట నిజమే. కుడి భుజం ఇక సుత్తి ఎత్తనని మొండికేస్తే, యాభై నాలుగో ఏట షెడ్డు వేరేవాళ్ల చేతిలో పెట్టి కుర్చీలో కూర్చున్న మాటా నిజమే.

ఇప్పుడు స్పానరు పట్టుకుంటున్న తమ్ముళ్లు అప్పుడప్పుడు వచ్చి, "అన్నా, నీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద కేసు ఏంది?" అని అడుగుతుంటారు. నల్లమల ఘాట్‌లో బ్రేకులు పోయిన లారీ కథో, బావిలో పడిన ట్రాక్టరు కథో చెప్తానని ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగానే జరిగాయి. కానీ నాకు బాగా బుద్ధి చెప్పింది మాత్రం ఒక ముసలి పికప్ బండి, దాని రెండు ముందు చక్రాలు, పిడికెడు గోధుమపిండి. తమ్ముళ్లారా, ఈ కథలో సగం కొట్టేయకండి. పావు కొట్టేస్తే చాలు.

ఐదారేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున షెడ్డు ముందు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. కంభం రోడ్డు మీద ఒక పికప్ వస్తోంది. వస్తోంది అని ఒక్క మాటలో అనేశాను గానీ, అది రోడ్డు ఎడమ అంచును ఒకసారి పలకరించి, కుడి అంచును ఒకసారి పలకరించి, ఎవరినీ నొప్పించకుండా వస్తోంది. లోపల డ్రైవరు స్టీరింగును రొట్టెల పిండి పిసికినట్టు పిసుకుతున్నాడు. పక్కన కూర్చున్న ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "కుడికి, కుడికి, ఇంకొంచెం, చాల్లే, ఇప్పుడు ఎడమకి" అని రాగం తీస్తోంది. బండి నా షెడ్డు ముందు ఆగింది. స్టీరింగు మాత్రం ఇంకాసేపు తిరిగింది.

దిగినవాళ్లు గిద్దలూరు చాచా, చాచీ. పేర్లు రాయను. వాళ్ల చేతి బిర్యానీ తిన్నవాళ్లకు పేర్లు అక్కర్లేదు, తిననివాళ్లకు చెప్పి లాభం లేదు. చాచీ వంట మనిషి. గిద్దలూరు నుంచి పామూరు దాకా ఏ పెళ్లికైనా, ఏ విందుకైనా ఆమె డేగిసాలు, అంటే ఆ పెద్ద వంట పాత్రలు, వెళ్లాల్సిందే. ఆ డేగిసాలను, గరిటెలను, చాచీని మోసుకుపోయేది ఈ పికప్. పికప్‌ను మోసుకుపోయేది చాచా. డెబ్బై దాటిన మనిషి. పెళ్లయిన ఏడాదే బండిని కొన్నాడట, అప్పటికే అది ఎవరో వాడి వదిలేసిన బండి.

ఆ స్టీరింగులో ప్లే, అదే వదులు, ఎంత ఉందంటే, గిద్దలూరులో తిప్పితే బండి కంభంలో తిరిగేది. ఆ దారిలో మేకలు దాని చప్పుడు వినగానే రోడ్డు దిగి పొలాల్లోకి పోయేవి. ఏ వైపు పొలంలోకి పోవాలో తెలియక సగం అటు, సగం ఇటు పోయేవి. సాయంత్రానికి మందలు కలపలేక కాపరులు తిట్టుకునేవారు.

"శుక్రవారం ఫిట్‌నెస్ టెస్టు బేటా," అన్నాడు చాచా. "ఇంతకుముందున్నాయన కాగితం సూసి సంతకం పెట్టేటోడు. ఇప్పుడొచ్చినామె చక్రం పట్టి ఊపి సూస్తాదంట."

"ఊపితే ఏమైతాది?"

"చక్రం ఆమె చేతికొస్తాది," అంది చాచీ.

చాచా నవ్వాడు. నవ్వుతూనే బొటనవేలితో బానెట్ మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. అసలు సంగతి తర్వాత చాచీ చెప్పింది. ఈసారి టెస్టులో పోతే బండిని పాత ఇనుము దుకాణానికి తోలేయాలని కొడుకులిద్దరూ తండ్రి దగ్గర మాట తీసుకున్నారు. చెడ్డ కొడుకులేం కాదు. మేకలు తప్పుకుంటాయి గానీ బస్సులు తప్పుకోవు కదా అని వాళ్ల భయం.

"డేగిసాలకేముంది, ఏ ఆటోలోనైనా పోతాయి," అన్నాడు చాచా. "బండి పోతే నేను గూడా ఇంట్లో మూలన పెట్టే సామానే గదా."

"నిన్ను పెట్టేదానికి మా ఇంట్లో మూల యాడుంది," అంది చాచీ. అని కొంగుతో ముఖం తుడుచుకుని, అటు తిరిగి డేగిసాలు దించుకోవడం మొదలుపెట్టింది.

నేను టీ గ్లాసు కింద పెట్టి, శుక్రవారానికి ఈ బండిని ఒంటివేలితో నడిపేట్టు చేసిస్తానని అందరిముందూ మాటిచ్చేశాను. మాటివ్వడంలో నాకు చిన్నప్పటినుంచీ చురుకుదనం ఎక్కువ.

ముందు వైపు జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. అవును అవును అని తలూపింది. రెండు పక్కలా పట్టుకుని ఊపాను. కాదు కాదు అంది. పైకీ కిందికీ ఊగితే కింగ్ పిన్నులు అరిగినట్టు, పక్కలకు ఊగితే రెండు చక్రాలనూ కలిపే టై రాడ్డు కీళ్లు అరిగినట్టు. ఈ చక్రం రెండిటికీ ఒప్పుకుంటోంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. తలుపు తిరగడానికి బందు ఎట్లాగో, ముందు చక్రం పక్కకు తిరగడానికి కింగ్ పిన్ను అట్లా. అది ఉక్కు కడ్డీ. దాని చుట్టూ బుష్ అనే లోహపు గొట్టం. ఈ రెండిటి మధ్య తల వెంట్రుక పట్టేంత సందుంటే చాలు. చాచా బండిలో నా చిటికెన వేలు పట్టింది.

"గ్రీజు ఎప్పుడు పెట్టినావు చాచా?"

"నెలనెలా పెడతానే ఉంటిని."

"యాడ?"

"తలుపులకు. కిర్రుమంటే మీ చాచీకి తలనొప్పి."

చాచా చాచీ బస్సెక్కి గిద్దలూరు వెళ్లిపోయారు. శుక్రవారం పొద్దున రమ్మన్నాను. అదేరోజు సాయంత్రం కొనకనమిట్ల పక్కన ఒక ఊళ్లో వాళ్లు విందు వండాలట. కాబట్టి డేగిసాలు నా షెడ్డులోనే ఉంచారు. నాలుగురోజులు స్పానర్ల మధ్య మసాలా వాసన వస్తూ ఉంటే, ఏ పనిచేసినా ఆకలేసేది.

నాకు అప్పట్లో కుడి భుజం మా లేత్ బావ. షెడ్డు పక్కనే ఆయన లేత్. వరసకు బావేం కాదు. ఇరవై ఏళ్లుగా ఒకే టీ కొట్టులో తాగుతున్నాం, అంతకంటే దగ్గరి చుట్టరికం మా ఊళ్లో లేదు. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే ఎక్కడో గుచ్చుతాడు. మంగళవారమంతా ఇద్దరం కలిసి పాత కింగ్ పిన్నును ఊడదీయడానికి పెనుగులాడాం. లాక్ పిన్ను కొట్టి తీశాం, ఆయిలు పోసి నానబెట్టాం, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చాం. అది కదల్లేదు. నేను కొట్టిన సుత్తి దెబ్బలకు కంభం చెరువులో కొంగలు లేచి, వెలిగొండల దాకా పోయి, మళ్లీ వచ్చి వాలాయి.

"ఈ పిన్ను కాపురానికొచ్చిన కాడ్నుంచి పుట్టింటికి పోయినట్టు లేదు," అన్నాడు బావ.

"మరేం జేద్దాం?"

"బతిమాలు."

బతిమాలలేదు గానీ, ఇంకోసారి కాల్చి, చల్లారనిచ్చి, మధ్యాహ్నం భోజనం చేసొచ్చి ఒక్కటే దెబ్బ వేశాను. టప్పున దిగింది. బయటికి తీసి చూస్తే మధ్యలో సన్నబడి, నడుముకు చీర బిగించిన బొమ్మలాగా ఉంది. రెండో వైపుది మరీ మర్యాదస్తురాలు, చేత్తో లాగితేనే వచ్చేసింది. అంటే ఇన్నాళ్లూ ఘాట్ రోడ్డు మీద ఆ చక్రాన్ని పట్టుకున్నది చాచీ చేసిన దువా తప్ప వేరే ఏమీ కాదు.

కొత్త పిన్నుల కోసం ఫోన్లు చేస్తే, బండి పేరు చెప్పగానే అవతలివాళ్లు నవ్వి పెట్టేశారు. బుధవారం నేనే నంద్యాల పోయాను. ఒక పాత స్పేర్ పార్టుల దుకాణంలో, అటక మీద, ఎలుకలు అట్టపెట్టె తినేయగా మిగిలిన సెట్టు దొరికింది. దుకాణదారు దాన్ని చూసి నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. బుష్‌లు ఆ ఎలుకల ఇంట్లో లేవు. బావ గన్‌మెటల్ దిమ్మ తీసుకుని లేత్ మీద తరిగాడు. పిన్ను చేత్తో నెడితే లోపలికి జారాలి, వదిలితే మాత్రం జారకూడదు. ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు, బావ అరచేతిలో ఉంది. ఒక్కో బుష్‌కు నాలుగుసార్లు పెట్టిచూశాడు. ఐదోసారి పిన్నును లోపలికి నెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఊ" అన్నాడు. బావ "ఊ" అంటే మామూలు మనుషులు చప్పట్లు కొట్టినట్టు.

గురువారం సాయంత్రానికి కొత్త పిన్నులు, కొత్త బుష్‌లు, నాలుగు టై రాడ్డు కీళ్లు, స్టీరింగు బాక్సులో సర్దుబాటు, అన్నీ అయ్యాయి. చక్రాల వరస సరిచూసుకున్నాను. బండి తీసుకుని పెద్దారవీడు వైపు రోడ్డెక్కాను. ఎంత హాయిగా ఉందని. వేలు అటంటే బండి అటు, ఇటంటే ఇటు. నేను మనసులో అనుకునేలోపే తిరుగుతోంది. ఒక చోట ఎదురుగా మేకలొచ్చాయి. పాత అలవాటు కొద్దీ అవి రెండు వైపులకూ చీలి, తీరా బండి తిన్నగా పోయేసరికి రోడ్డుకు అటూ ఇటూ నిలబడి తెల్లబోయి చూశాయి.

షెడ్డుకు తిరిగొచ్చి మీసం దువ్వుకుంటుంటే బావ ఒక్క మాట అడిగాడు.

"చాచాను ఒకసారి కూర్చోబెట్టి సూడాల్సింది గదా?"

"నలభై ఏండ్లుగా తోలుతున్న మనిషికి నేను నేర్పేదేంది?"

"నేర్పమనలే. సూడమన్నా."

నేను వినలేదు. తమ్ముళ్లారా, మీకు కూడా ఇట్లాంటి బావ ఒకడు దొరికితే ఆయన మాట వినండి. వినకపోతే కనీసం గుర్తుపెట్టుకోండి, తర్వాత రాసుకోవడానికి పనికొస్తుంది.

శుక్రవారం ఎనిమిదింటికల్లా చాచా, చాచీ బస్సు దిగారు. చాచా తెల్ల చొక్కా, తల మీద ఇస్త్రీ టోపీ. చాచీ చేతిలో గోధుమపిండి సంచి, మసాలా డబ్బా. టెస్టు పదకొండింటికి. నా షెడ్డులో ఒక ఆచారం ఉంది. పెద్ద పని అయిన బండి ఎవరిదైనా, ఏ మతం వాళ్లదైనా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే తాళం చేతికిస్తాను. నిమ్మకాయలు పెట్టాను. చాచీ ఏదో చదివి స్టీరింగు మీద ఊదింది. ఇద్దరి పూచీలూ తీసుకుని బండి కదిలింది. డ్రైవరు సీట్లో చాచా, మధ్యలో నేను, కిటికీ పక్కన చాచీ.

ఊరు దాటేదాకా నెమ్మదిగానే పోయాడు. తిన్నని రోడ్డు రాగానే చాచా చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి. నలభై ఏళ్లుగా ఆ చేతులకు తెలిసిన డ్రైవింగు ఒకటే, ఆపకుండా పిసకడం. పాత బండిలో ఎంత పిసికినా అందులో ముప్పావు వంతు ఆ సందుల్లోనే పోయేది. ఇప్పుడు సందుల్లేవు. ఆయన పిసికినదంతా చక్రాలకు పోతోంది. బండి తాగినవాడిలాగా కూడా కాదు, తాగినవాడు తేళ్ల మధ్య నడిచినట్టు నడిచింది. ఆయన కంగారుపడి ఇంకా గట్టిగా పిసికాడు. చాచీ అలవాటుగా "కుడికి, కుడికి" అంటోంది. ఆమె మొదటి "కుడికి" అనేలోపే బండి కుడికి పోయి, రెండో "కుడికి"తో రోడ్డు దిగింది.

మా ఊరి శివార్లలో పలకలు కోయగా మిగిలిన ముక్కలను రోడ్డు పక్కన గుట్టలుగా పోస్తారు. బండి మెల్లగానే పోయి ఒక గుట్టలో ముక్కు పెట్టింది. బడి పిల్లలంతా ఒక్కసారే పలకలు కింద పడేసినట్టు చప్పుడైంది. ఎవరికీ ఏమీ కాలేదు. బంపరు ఒకవైపు కొంచెం నవ్వు ముఖం పెట్టింది.

చాచా స్టీరింగు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా బండి కాదు ఇది," అన్నాడు. "నా మాట వినేది ఆ బండి. ఇది నేను మాట్లాడకముందే ఇనేస్తా ఉంది."

నేను దిగి కిందికి దూరి చూశాను. కీళ్లు బాగున్నాయి, పిన్నులు బాగున్నాయి. బాగాలేనిది నేనొక్కణ్ణే. బండికి నలభై ఏళ్ల అరుగుదలను నాలుగురోజుల్లో తీసేశాను గానీ, ఆ అరుగుదలకు అలవాటుపడిన చేతులను మరిచిపోయాను. టైము తొమ్మిది.

"నేను తోల్తాలే టెస్టులో," అన్నాను.

"నువ్వు తోలితే బండికి ఫిట్‌నెస్ ఇస్తారు," అన్నాడు చాచా. "నాకెవరిస్తారు? సాయంత్రం తోలేది నేనే గదా. నా కొడుకులు అడిగితే ఏం జెప్పాల?"

ఇక నాకు మిగిలింది సిగ్గుపడే పని ఒక్కటే. "కీళ్లు కొంచెం వదులు చేస్తా చాచా," అన్నాను. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో కొత్త పార్టులను నేనే వదులు చేస్తానని అనడం అదే మొదలు, అదే చివర. ఆ మాట బావ వినలేదు, వినుంటే నన్ను లేత్ మీద పెట్టి తరిగేవాడు.

చాచీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏం వదులు చెయ్యొద్దు," అంది. "బిగించినాక వదులు చేసేటోడు వంటకూ పనికిరాడు, బండికీ పనికిరాడు." భర్త వైపు తిరిగింది. "ఏం జీ, దమ్ పెట్టినాక మూత మీద చెయ్యి పెడతావా నువ్వు?"

"పెడితే నువ్వు బతకనిస్తావా?"

"ఎందుకు పెట్టవు?"

"దమ్ పోతాది."

"పిండి పగిలితే ఏంది అర్థం?"

"ఎవడో మూత కదిలించినాడని."

"కదా," అంది చాచీ. సంచి విప్పింది. సీసాలోని నీళ్లు పోసి, బండి వెనక తలుపు దించి దాని మీదే గోధుమపిండి కలిపింది. బిర్యానీ డేగిసా మూత చుట్టూ ఆవిరి పోకుండా పిండి ముద్ద అంటిస్తారే, అట్లా పొడుగ్గా తాడులాగా పేనింది. స్టీరింగు నడిబొడ్డు కింద, తిరిగే చక్రమూ తిరగని గొట్టమూ కలిసే చోట, చుట్టూ తిప్పి వేలితో నొక్కి అంటించింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఇది మూత," అంది స్టీరింగు చూపించి. "ఇది డేగిసా," అంది కింద గొట్టం చూపించి. "కింద నిప్పుంది, లోపల బియ్యముంది. తిన్నగా ఉండే రోడ్డు మీద పిండి పగిలితే సాయంత్రం నీకు అన్నం లేదు. మలుపొస్తే నేను మూత తియ్యమంటా, అప్పుడు తీ. మళ్లీ నేను అంటిస్తా."

చాచా స్టీరింగు మీద చేతులు పెట్టాడు. పిసికే చేతులు కావవి. చాచీ డేగిసా పక్కన నలభై ఏళ్లు కావలి కూర్చున్న చేతులు. ఒక మనిషికి ఇద్దరి చేతులుంటాయని నాకు ఆరోజే తెలిసింది.

మొదటిసారి వంద గజాల్లో పిండి రెండుచోట్ల పగిలింది. చాచీ కసురుకుని మళ్లీ అంటించింది. రెండోసారి ఒక్కచోట సన్నగా చీలింది. మూడోసారి ఎదురుగా బస్సొస్తుంటే చాచా చేతులు లేవబోయాయి. "మూత," అంది చాచీ. ఆగిపోయాయి. బస్సు దాటిపోయింది. బండి గీత గీసినట్టు పోయింది. మలుపు దగ్గర "తీ" అంది, తిప్పాడు, పిండి తెగింది, బండి తిరిగింది. పదింటికల్లా ఆ రోడ్డు మీద అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాం. నేను మధ్యలో కూర్చుని పిండి ముద్ద పట్టుకునే పని చేశాను. ఆ బండికి నేను చేసిన రిపేర్లలో అదే అన్నిటికంటే ముఖ్యమైనదని బావ ఇప్పటికీ అంటాడు.

టెస్టు మైదానంలో ఇన్‌స్పెక్టరు ఒక చిన్న వయసు అమ్మాయి. కోస్తా వైపు మనిషి. చేతిలో అట్ట, చెవి మీద పెన్ను. ముందు చక్రం జాకీ మీద ఎత్తించి తనే కూర్చుని పట్టి ఊపింది. చక్రం అవును అనలేదు, కాదు అనలేదు. ఆమె నావైపు చూసింది.

"ఎవరు చేశారండీ?"

నేను సరిగ్గా నాలుగంగుళాలు పొడుగయ్యాను. "మేమే మేడం."

"బాగా చేశారు," అని డ్రైవరు పక్క సీట్లోకి ఎక్కి కూర్చుంది. చాచీ కిందికి దిగాల్సి వచ్చింది. ఇది మేమెవరమూ ఆలోచించని సంగతి. ఇన్‌స్పెక్టరు కళ్లు స్టీరింగు మీద పడ్డాయి.

"ఇదేంటి?"

నేను వెంటనే కిటికీలోంచి, "వైబ్రేషన్ తగలకుండా మేడం, జర్మనీ పద్ధతి," అన్నాను.

"గోధుమపిండి బేటీ," అంది చాచీ. "ఆయన మూత కదిలించకుండా."

ఇన్‌స్పెక్టరుకు ఏం అర్థమైందో తెలియదు. వేలితో పిండి నొక్కి చూసి, "సరే, పోనివ్వండి. ఆ చివర డ్రమ్ము చుట్టూ తిప్పి వెనక్కి రావాలి," అంది.

బండి కదిలింది. మైదానంలో సున్నంతో గీసిన గీత ఉంది. చాచా ఆ గీత మీద ఎట్లా పోయాడంటే, ఆ గీతే ఆయన్ను చూసి తిన్నగా సర్దుకున్నట్టుంది. భుజాలు కదల్లేదు. టోపీ కదల్లేదు. చాచీ పెదవులు మాత్రం కదులుతున్నాయి. డ్రమ్ము దగ్గరికొచ్చింది. తిప్పాలి. చాచా తిప్పలేదు.

బండి డ్రమ్మును దాటి తిన్నగా పోతోంది. లోపల ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపుతోంది, తిప్పమని ఆమె చెప్పడం కనబడుతూనే ఉంది. ఎదురుగా మైదానం గోడ. చాచా చూపు పిండి మీద ఉంది. పిండి పగలకూడదు. మూత తియ్యమని చెప్పే మనిషి బండిలో లేదు.

నేను కళ్లు మూసుకున్నాను. నా పక్కనుంచి ఒక కేక లేచింది. వందమంది విందులో అవతలి చివర ఉన్న వడ్డనవాళ్లకు వినబడే గొంతు అది.

"మూత తీ జీ!"

చాచా తిప్పాడు. పిండి ఫట్‌మని తెగి ఇన్‌స్పెక్టరు అట్ట మీద పడిందట. బండి గోడకు బారెడు దూరంలో ఒంగి, సన్నటి వంపు తీసుకుని, డ్రమ్ముకు అవతలినుంచి చుట్టి, గీత మీదికొచ్చి కూర్చుంది. అంత అందమైన మలుపు ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ తిప్పలేదు. గీత మీదే తిరిగొచ్చి మా ముందు ఆగింది. స్టీరింగు కూడా ఆగింది.

ఇన్‌స్పెక్టరు దిగి అట్ట మీది పిండి దులుపుకుంది. పక్కకు తిరిగి దగ్గింది. దగ్గు కాదు, నవ్వు.

"డ్రమ్ము దాటిపోయారేంటండీ?"

"మీరు తిప్పమన్నారు మేడం," అన్నాడు చాచా వినయంగా. "మూత తియ్యమనలేదు."

ఆమె మళ్లీ ఒకసారి తిప్పించింది. ఈసారి పిండి లేదు, చాచీ దూరంగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. చాచా గీత మీద పోయాడు, డ్రమ్ము దగ్గర తనంతట తనే తిప్పాడు, వచ్చాడు. ఇన్‌స్పెక్టరు చాచా కంటి పరీక్ష కాగితం అడిగి చూసింది, బ్రేకులు చూసింది, లైట్లు చూసింది, బంపరు చూసి చెవి మీది పెన్ను తీసింది. సంతకం పెట్టింది. కాగితం చాచా చేతికిస్తూ, "ఇంతకీ దమ్‌కు మైదా వాడరా?" అని చాచీని అడిగింది.

"మైదా సాగుతాది బేటీ," అంది చాచీ. "గోధుమపిండి అబద్ధం చెప్పదు."

ఆ మాట అన్నప్పుడు నావైపు ఎందుకు చూసిందో నాకు తెలియదు.

చాచా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టోపీలో పెట్టుకున్నాడు. కొడుకులకు ఫోన్ చేసి, "ఇనుము దుకాణానికి ఫోన్ జేసి చెప్పండి," అన్నాడు. "ఏం చెప్పాల నాయనా?" అని అవతలినుంచి. "మీ నాయన ఇనుము కాదని." పెట్టేశాడు. షెడ్డుకొచ్చి డేగిసాలు ఎక్కించుకుని కొనకనమిట్ల వైపు పోయారు. పోతుంటే చాచీ కిటికీలోంచి చెయ్యి చూపిస్తూ ఏదో చెప్తూనే ఉంది. అలవాటు మనుషుల్లో కూడా అరుగుదలే, దానికి విడి భాగాలు దొరకవు.

తమ్ముళ్లారా, నేను చెప్పొచ్చేది ఇంతే. బండి బాగుచేసినాక దాన్ని మీరు నడిపి చూసుకుని మురిసిపోకండి. రోజూ ఎక్కే మనిషిని ఎక్కించి, పక్కన కూర్చుని చూడండి. ఆయన చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. పాత బండికి సగం స్టీరింగు బయట ఉంటుంది, సగం డ్రైవరు భుజాల్లో ఉంటుంది.

కథ ఇక్కడ ఆపేయొచ్చు. కానీ మర్నాటి సంగతి ఒకటుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటప్పుడు షెడ్డులో ఒక ట్రాలీ చట్రం మీద సుత్తితో కొడుతున్నాను. కొనకనమిట్ల వైపునుంచి పికప్ వస్తోంది. ఈసారి వస్తోంది అని ఒక్క మాటలో రాయొచ్చు. తిన్నగా, నెమ్మదిగా వస్తోంది. చాచా ఒక్కడే కనబడ్డాడు. చాచీ ఏమైందోనని మెడ చాచి చూశాను. షెడ్డు ముందుకొచ్చేసరికి బండి ఇంకా నెమ్మదైంది.

చాచీ ఉంది. సీట్లో ఒరిగి, తల తలుపుకు ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. ఆ బండి ఎక్కిన నలభై ఏళ్లలో ఆమె కన్ను మూయడం అదే మొదటిసారి అని తర్వాత చాచా చెప్పాడు. కుడి, ఎడమ చెప్పే పని లేకపోవడంతో, కొనకనమిట్ల దాటగానే పడుకుందట.

నేను పలకరించబోయాను. చాచా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

నా చేతిలో సుత్తి పైకెత్తి ఉంది. కింద పెడితే చప్పుడవుతుంది. బండి కంభం రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా, భుజం పీకుతున్నా, దాన్ని అట్లాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాను. పక్కన లేత్ ఆపేసి బావ కూడా నిలబడ్డాడు.

ముప్ఫై మూడేళ్లలో నా షెడ్డు చప్పుడు లేకుండా ఉన్నది, నేను నోరు మూసుకుని ఉన్నదీ ఆ కాసేపే. ఇందులో మాత్రం పావు కూడా కొట్టేయకండి.